రెండు నుంచి నాలుగు దాకా

ముప్పై నాలుగేళ్లు పిల్లల మధ్యే బతికిన మనిషి, ఉద్యోగం అయిపోయాక పిల్లలు లేని వీధి కోసం చెప్పులరిగేలా తిరిగారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. డ్రిల్లు మేష్టారికే నవ్వొచ్చేది. చిన్న నోటు పుస్తకం పట్టుకుని, బడి వదిలే వేళకి ఏదో ఒక వీధి చివర నిలబడి, బస్సు దిగే పిల్లల్ని లెక్కపెట్టేవారు. అలా పదిహేడు వీధులు చూశారు. ఒకచోట ఇరవై మూడు మంది. ఇంకోచోట ఆరుగురే, కానీ ఆ ఆరుగురూ అరవై మంది పెట్టు. మరోచోట పిల్లలే లేరు గానీ, మూడిళ్లలో కొత్తగా పెళ్లయిన జంటలున్నాయి. "ఇవాళ లేరు సరే, రేపో?" అని ఆ వీధినీ కొట్టేశారు. ఒక వీధిలో అయితే ఒకావిడ ఈయన్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుని చీపురు తిరగేసింది.

ఈ తిప్పలన్నీ భార్య కోసం. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసింది. మూడోసారి మోగేలోపు ఎత్తకపోతే ప్రాణం కొట్టుకునేది ఆవిడకి. ఇంట్లో కూడా అంకెలు చెబితే చివరి అక్షరం సాగదీసి, ఎదుటివాడికి మళ్లీ అడిగే పని లేకుండా చెప్పేది. అలాంటి మనిషి తలలో ఒక రక్తనాళం శనగగింజంత బుడగలా ఉబ్బింది. కోసి తీయడానికి వీల్లేని చోట ఉంది.

"ఉలికిపాటు మాత్రం పనికిరాదమ్మా. పక్కనే ఒక్క పెద్ద చప్పుడు చాలు," అన్నాడు డాక్టరు.

పాత ఇంటి పక్కన ఆటస్థలం ఉండేది. ఒక మధ్యాహ్నం బంతి తగిలి కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఆవిడ కుర్చీలోంచి జారిపోయింది. లేపేసరికి ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఆ సాయంత్రమే మేష్టారు తన విజిల్‌ని పాత సాక్సులో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పడేశారు.

ఆ విజిల్ గురించి ఒక ముక్క చెప్పాలి. బళ్లో మేష్టారు దాన్ని ఒక్కసారి ఊదితే ఎక్కడివాళ్లక్కడ ఆట ఆపి, వరుసలో నిలబడి, ఒక్కొక్కరూ అంకె చెప్పాలి. చివరివాడు తన అంకె చెప్పి, వెంటనే 'ఆఖరు' అని గట్టిగా అనాలి. ఆ మాట వినపడలేదంటే ఇంకా ఎవరో రావాల్సి ఉందని లెక్క. వాన పడనీ, పిడుగు పడనీ, మేష్టారు కదిలేవారు కాదు. ఒకసారి అలా గంటసేపు నిలబెడితే, తిట్టుకుంటూ వెతికిన పిల్లలకి షెడ్డు వెనక కాలు విరిగి పడి ఉన్నవాడు దొరికాడు. అప్పట్నుంచి తిట్టుకోవడం మానేశారు.

పద్దెనిమిదో వీధి చూసిన రోజున నోటు పుస్తకంలో సున్నా రాశారు మేష్టారు.

వరుసగా ముప్పై రెండిళ్లు. అందరూ అరవై దాటినవాళ్లే. వెనకంతా పొడుగ్గా పదడుగుల గోడ. కాలనీ కార్యదర్శి ఒక పళ్ల డాక్టరు. రిటైరయినా తెల్ల చొక్కా వదల్లేదు. దగ్గరుండి చివరి ఇల్లు చూపించాడు.

"ఇక్కడ పిల్లలు లేరండీ. మనవలొచ్చినా రెండు రోజులకి మించి ఉండనివ్వం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అయితే చీమ చిటుక్కుమన్నా ఊరుకోం," అన్నాడు.

పెరట్లో గోడకి ఒక ఇనప తలుపుంది. తుప్పు పట్టిన తాళం. తలుపు కింద జానెడు సందు. అవతల ఏముందని అడిగితే, "ఇటుకలకి మట్టి తవ్వుకుపోయిన గొయ్యి. నలభై అడుగుల లోతు. మనుషులెవరూ ఉండరు," అన్నాడు. పెరటి గుమ్మం పక్కన మేకుకి ఒక దబ్బనం వేలాడుతోంది. గోనెసంచులు కుట్టే పెద్ద సూది, చెక్క పిడితో.

"ఇదెందుకు?"

"ప్రతి ఇంటికీ ఒకటిస్తాం. గోడ మీంచి బంతేదైనా పడితే దీంతో పొడిచేసి, కమిటీ గది పక్కన డబ్బాలో వెయ్యండి. తిరిగి మాత్రం విసరొద్దు. అలుసైపోతాం."

ఆ డబ్బాని మేష్టారు వస్తూ చూశారు. మనిషి ఎత్తు రేకు డబ్బా, నిండా చచ్చిన బంతులు. పిల్లలే లేకపోతే ఇన్ని బంతులు ఎవరివి? అడగబోయారు. అప్పుడే పెరటి వరండాలో నిలబడ్డ భార్య కళ్లు మూసుకుని, ఎనిమిది నెలల్లో మొదటిసారిగా నవ్వింది.

"ఎంత హాయిగా ఉందండీ," అంది.

నోటిదాకా వచ్చిన ప్రశ్నని మేష్టారు మింగేశారు.

పన్నెండు రోజులు నిజంగానే హాయిగా గడిచాయి. ఆవిడ మధ్యాహ్నాలు పెరటి వరండాలో వాలుకుర్చీలో నిద్రపోయేది. మొహానికి కాస్త రంగొచ్చింది. "మీ గురక ఒక్కటే ఈ కాలనీ నియమాలకి విరుద్ధం," అని వేళాకోళం కూడా చేసింది.

పదమూడో రోజు మూడింటికి, మేష్టారు పెరట్లో తువ్వాలు ఆరేస్తుంటే, వెనక మెత్తగా దబ్ మని చప్పుడైంది.

బంతి. రబ్బరుది. ఎండకి నేల పెనంలా కాలుతుంటే ఆ బంతి మాత్రం తడిసి ఉంది. బురద వాసన. మేష్టారు చేతిలోకి తీసుకున్నారు. అంతే, చెయ్యి తన పని తాను చేసేసింది. ముప్పై నాలుగేళ్లు కాళ్ల దగ్గరికొచ్చిన ప్రతి బంతినీ తిరిగి విసిరిన చెయ్యి అది. దానికి ఒకరు చెప్పాలా?

"ఆడండర్రా!" అన్నారు చిన్నగా, అలవాటు కొద్దీ. బంతి గోడ దాటింది.

అవతల ఎవరో దాన్ని పట్టుకున్నారు. అరచేతిలో పడిన చప్పుడు చక్కగా వినిపించింది.

మేష్టారి మొహం విప్పారింది. భలే పట్టాడు వెధవ, అనుకున్నారు. తువ్వాలు ఆరేసి, క్లిప్పు పెడుతూ ఉండగా నలభై అడుగుల గొయ్యి గుర్తొచ్చింది.

మర్నాడు రెండూ నలభైకి మూడు బంతులు పడ్డాయి. రెండు వీళ్ల పెరట్లో, ఒకటి పక్కింట్లో. నడుమెత్తు కంచె మీంచి మేష్టారు చూస్తుండగానే పక్కింటావిడ మోకాళ్ల మీద పడి, బంతిని ఎడంచేత్తో నేలకదిమి, దబ్బనంతో పొడిచింది. ఒక్క పోటు చాలు. ఆవిడ పది పన్నెండు పొడిచింది. పళ్లు బిగించి, జుట్టు మొహం మీద పడుతున్నా ఆపకుండా. ఎప్పుడు కనబడినా ఊలు అల్లుతూ నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మీరు తిరిగి విసిరారు కదూ?" అంది తలెత్తకుండానే.

"లేదండీ."

"అబద్ధం చెప్పకండి అన్నయ్యగారూ. కాలనీ మొత్తానికి రోజుకొకటి కంటే ఎప్పుడూ పడలేదు." ఆవిడ గొంతు గుసగుసలోకి దిగింది. "పొడిస్తే ఆ రోజుకి ఊరుకుంటారు. ఎందుకో మాకూ తెలీదు. తిరిగి విసిరిన వాళ్లు మాత్రం మీ ముందు ఎవరూ లేరు."

"ఎవరు ఊరుకుంటారమ్మా?"

ఆవిడ దబ్బనం మొన కొంగుతో తుడిచింది. తర్వాత చెప్పింది. అప్పట్లో ఆ గోతిలో పనివాళ్ల పిల్లలు ఆడుకునేవాళ్లట. బంతి ఇటు పడితే కాలనీవాళ్లు ఇచ్చేవాళ్లు కాదు. ఒక మధ్యాహ్నం పిల్లలొచ్చి ఈ ఇనప తలుపు బాదారు. వానలకి గోతి అంచు విరిగి పడుతోంది. తలుపు ముందున్న రెండడుగుల గట్టు మీద ఇరుక్కుని, తియ్యమని అరిచారు. ఇవతల అందరూ బంతుల కోసమే అల్లరనుకున్నారు. పళ్ల డాక్టరు తాళంచెవి చేత్తో పట్టుకునే ఇక్కడికొచ్చి నిలబడ్డాడు.

"తియ్యలేదా?"

"'నాలుగింటికి రండి' అన్నాడు. మేమందరం కిటికీల్లోంచి చూశాం. రెండు నుంచి నాలుగు దాకా కదా... మాకూ నిద్ర కావాలి కదా." ఆవిడ లేచి పొడిచిన బంతిని కొంగులో చుట్టుకుంది. "తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. ఎంత హాయిగా ఉందో అనుకున్నాం."

మేష్టారు ఇంట్లోకొచ్చేసరికి భార్య మేలుకునే ఉంది.

"పదకొండు మందండీ," అంది.

"ఏమిటి?"

"గోడవతల. నిన్నట్నుంచీ వింటున్నాను. పదకొండు గొంతులు. ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు. అందర్లోకీ చిన్నవాడికి ముక్కు దిబ్బడ." ఆవిడ మేష్టారి చెయ్యి పట్టుకుంది. "ఇది ఎవరూ ఎత్తని ఫోను. ఎన్నేళ్లుగానో మోగుతూనే ఉంది."

రేపు పొద్దున్నే వేరే ఇల్లు చూస్తానన్నారు మేష్టారు. ఆయనకి నిజంగా భయమేసింది. దెయ్యాల గురించి అంతగా కాదు. ఈ మనిషి తలలో శనగగింజ గురించి.

పొద్దున్నే వెళ్లారు, మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మంచం కింద ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. పాత సాక్సు నేల మీద పడి ఉంది. భార్య వరండాలో కూర్చుని ఉంది. ఇదేమిటని అడిగేలోపు మొదలైంది.

మొదటి బంతి ఎగిరి రాలేదు. దూసుకొచ్చింది. పెరట్లో నీళ్ల కుండీ రెండు ముక్కలైంది. రెండోది పక్కింటి కిటికీలో పడింది. దబ్బనం పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చిన పక్కింటావిడకి మూడోది మొహం మీద తగిలింది. దవడ పక్కకి జరిగిపోయింది. ఆవిడ అరవబోతే నోట్లోంచి రక్తం, రెండు పళ్లు వచ్చాయి. మాట రాలేదు.

మేష్టారు పరుగున వెళ్లి భార్య చెవులు రెండు చేతులతో మూసి, తన ఒంటిని అడ్డం పెట్టారు. వీపు మీద ఒకటి తగిలింది. పక్కటెముక కలుక్కుమంది. భార్య మాత్రం వణకడం లేదు. వింటోంది.

పళ్ల డాక్టరు వీధివైపు నుంచి ఊడిపడ్డాడు. తెల్ల చొక్కా, చేతిలో దబ్బనం. వచ్చీ రాగానే మేష్టారి కాలరు పట్టుకుని పెరట్లోకి ఈడ్చి చెంప మీద కొట్టాడు.

"చెప్పానా లేదా! ఒక్క మాట చెప్పాను! విసరొద్దన్నాను!" కోపంలో కూడా గొంతు పెంచలేదు. టైము ఇంకా నాలుగు కాలేదు మరి.

అప్పుడు ఇనప తలుపు మోగింది.

ఒక్క చెయ్యి. చిన్నది. తర్వాత ఇంకోటి. తర్వాత చాలా. తుప్పు పొరలు రాలిపడుతున్నాయి. తలుపు కింద సందులోంచి బురద నీళ్లు పెరట్లోకి పారాయి. ఆ చప్పుడు మధ్యలో, ముక్కు దిబ్బడ పట్టిన ఒక గొంతు...

"నాలుగయిందా అండీ?"

పళ్ల డాక్టరు మొహం సున్నం కొట్టినట్టయింది.

"పలక్కండి," అని గుసగుసలాడాడు. "పలక్కపోతే పోతారు. ఎప్పుడూ అంతే."

"తాళం తియ్యండి," అంది మేష్టారి భార్య వరండాలోంచి. "పిల్లలు."

మేష్టారు చెయ్యి చాపారు. "తాళంచెవి ఇలా ఇవ్వండి."

పళ్ల డాక్టరు తాళంచెవికి బదులు దబ్బనం ఇచ్చాడు. చాపిన అరచేతిలో దించాడు. మొన చేతి వెనక నుంచి బయటికొచ్చింది. మేష్టారు కేక నోట్లోనే నొక్కుకున్నారు, పక్కనే ఆవిడ ఉందని. కింద పడుతూ కూడా నోరు తెరవలేదు. పళ్ల డాక్టరు దబ్బనం పీకి మళ్లీ ఎత్తి ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్కడుగే ఎక్కువైంది. మడమ తలుపు కిందికి చేరింది.

సందులోంచి బురద చెయ్యొకటి వచ్చి ఆ మడమ పట్టుకుంది.

మనిషి బోర్లా పడ్డాడు. రెండో కాలు కూడా దొరికింది. జానెడు సందు... అందులోంచి పిల్లి దూరడమే కష్టం. పళ్ల డాక్టరు దూరాడు.

ముందు మోకాళ్ల దాకా. తర్వాత తొడలు. నడుము దగ్గర ఆగాడు. అవతల్నుంచి ఒక ఊపు మొదలైంది. తాడు లాగే ఆట ఊపు. మేష్టారికి తెలిసిన ఊపే. ఆయన వందల మందికి నేర్పిందే. ఒకటీ... రెండూ... లాగు. ఒకటీ... రెండూ... లాగు. ప్రతి 'లాగు'కీ ఏదో ఒక ఎముక విరిగింది. మొదట్లో వాడు అరిచాడు. తర్వాత గాలి మాత్రమే వచ్చింది. నేలని గోళ్లతో గీరాడు. గోళ్లు నేల మీదే ఉండిపోయాయి. చివరగా తల మిగిలింది. అది సందుకి పెద్దది. వాళ్లు ఇంకోసారి లాగారు.

దబ్బనం మాత్రం ఇవతల పడి ఉంది.

ఇప్పుడు ఆ సందులోంచే వాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ... పల్చగా, మడతపెట్టిన బట్టల్లా... వచ్చి, లేచి నిలబడి, పిల్లలయ్యారు. ఒంటి నిండా మట్టి. కళ్లల్లో మట్టి. నోళ్ల నిండా కుక్కినట్టు మట్టి. వాళ్లలో చిన్నవాడు వంగి దబ్బనం అందుకున్నాడు.

పక్కింటావిడ కంచె దగ్గర పాకుతోంది. వాళ్లు వెళ్లి ఆవిడ్ని నేలకి అదిమారు. ఆవిడ బంతిని ఎలా అదిమేదో సరిగ్గా అలాగే. ఒక్క పోటు చాలు. వాళ్లూ లెక్కపెట్టలేదు. దబ్బనం ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్లింది. అందరికీ వంతు వచ్చింది.

ఆ తర్వాత పదకొండు తలలు వరండా వైపు తిరిగాయి.

"కాదర్రా... ఆవిడ కాదు. మేం కొత్తగా వచ్చాం..." అన్నారు మేష్టారు, మోకాళ్ల మీద అడ్డంగా పాకుతూ. వాళ్లకి ఆ తేడా తెలీదు. గోడకి ఇవతలివాళ్లందరూ వాళ్లకి ఒకటే. ఒకడు ఆయన్ని దాటి మొదటి మెట్టు ఎక్కాడు. తడి పాదం గుర్తు పడింది.

భార్య కుడిచెయ్యి చాపింది. అరచేతిలో విజిల్.

"ఊదండి."

"నీ తల... పక్కనే ఊదితే..."

"ఎవరో ఒకరు పలకాలండీ. పలికేవాళ్లు లేకే ఇదంతా." రెండో మెట్టు. మూడో మెట్టు. దబ్బనం మొన ఆవిడ మోకాలికి తగిలింది. "ఊదండి మేష్టారూ."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని 'మేష్టారూ' అని పిలిచేది వేళాకోళానికే. ఇప్పుడు ఆ నవ్వు లేదు. మేష్టారికి గుండె పగిలినంత పనైంది. అయినా అందుకున్నారు. తూటు పడిన చేత్తోనే పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఊదారు.

ముప్పై రెండిళ్ల కిటికీ అద్దాలూ గలగలలాడాయి.

తర్వాత అంత నిశ్శబ్దం ఆ కాలనీలో కూడా ఎప్పుడూ లేదు.

కళ్లు తెరిచేసరికి పిల్లలు పెరట్లో వరుసగా నిలబడి ఉన్నారు. పొట్టివాళ్లు మొదట, పొడుగువాళ్లు చివర. చేతులు కిందికి. దబ్బనం మెట్టు మీద పడి ఉంది. మేష్టారు వెనక్కి తిరిగి భార్యని చూడలేదు. ధైర్యం చాలలేదు. ఆయనకి తెలిసిందొక్కటే. విజిల్ ఊదాక చెయ్యాల్సింది ఒకటుంది.

"అంకెలు," అన్నారు. విజిల్ కిందికి దించి, మళ్లీ అన్నారు. "అంకెలు చెప్పండి!"

"ఒకటి." ముక్కు దిబ్బడ గొంతు. నోట్లోంచి మట్టిపెళ్ల రాలింది.

"రెండు."

"మూడు."

అంకె వెంట అంకె వచ్చింది. చెప్పినవాడి నోట్లోంచి మట్టి రాలుతోంది, మొహం కాస్త మొహంలా అవుతోంది. ఏడు. ఎనిమిది. మేష్టారి కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. పది. ఇంకొక్కడు. వాడు 'ఆఖరు' అంటే అయిపోతుంది. పంపించేయొచ్చు. ఇంటికి పొండర్రా అనొచ్చు. అప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవచ్చు.

"పదకొండు," అన్నాడు పొడుగువాడు.

అని, ఆగిపోయాడు. తల తిప్పి తన పక్కకి చూశాడు.

వాడి పక్కన నేల తడిగా ఉంది. అక్కడ ఎవరూ లేరు. పళ్ల డాక్టరు లేడు, పక్కింటావిడ లేదు. ఆ ఖాళీలోంచి, చివరి అక్షరం సాగదీసి, ఎదుటివాడికి మళ్లీ అడిగే పని లేకుండా...

"పన్నెండూ."

మేష్టారు అప్పుడు తిరిగి చూశారు. భార్య వాలుకుర్చీలోనే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ముక్కులోంచి సన్నటి రక్తం పెదవి దాకా వచ్చి ఆగింది. కుడిచెయ్యి ఇంకా చాపే ఉంది, విజిల్ ఇచ్చిన చెయ్యి. ఆయన దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. వేళ్లు చల్లగా, తడిగా ఉన్నాయి. గోళ్ల కింద మట్టి ఉంది.

పక్కింటి గోడ గడియారం నాలుగు కొట్టింది.

వరుస కదల్లేదు. పన్నెండో గొంతు తర్వాత ఎవరైనా ఆ మాట అంటారేమోనని మేష్టారు నిలబడే ఉన్నారు. వాళ్లూ నిలబడే ఉన్నారు, ఆయన వైపు చూస్తూ.

ఎవరూ 'ఆఖరు' అనలేదు.